ఇంటర్వ్యూకని పిలిచి కోర్సు అమ్ముతున్నారు, జాగ్రత్త

ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు ఒకసారి చదవండి. డేటా ఎంట్రీ పని అని ప్రకటన చూసి ఇంటర్వ్యూకి వెళ్లాను. నా రెజ్యూమె వాళ్లు తిరగేయను కూడా లేదు. "మీరు సెలెక్ట్ అయినట్టేనండీ, ట్రైనింగ్ ఫీజు కట్టేస్తే సోమవారం జాయిన్ అయిపోవచ్చు" అన్నారు. ఫీజు దేనికండీ అంటే, మొదటి జీతంతో కలిపి వెనక్కి ఇచ్చేస్తారట. ఆఫర్ లెటర్ అడిగితే, కట్టాక మెయిల్ వస్తుందట. పైగా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆ రోజే ఇచ్చి వెళ్లాలట, వెరిఫికేషన్ కోసం! నేను లేస్తుంటే ఇంకొకాయన వచ్చి, సగం ఇప్పుడు, సగం తర్వాత అన్నాడు. ఉద్యోగానికి కూడా వాయిదాల పద్ధతి ఉందని అప్పుడే తెలిసింది.

డబ్బు మన జేబులోంచి వాళ్ల జేబులోకి పోయే మాట వచ్చిందంటే ఇక కూర్చోనక్కర్లేదు. రిజిస్ట్రేషన్, యూనిఫాం, ల్యాప్‌టాప్ డిపాజిట్... పేరేదైనా ఒకటే. పని వెతుక్కునేవాళ్ల దగ్గర ప్రైవేటు నియామక ఏజెన్సీలు నేరుగా గానీ, దొడ్డిదారిన గానీ రుసుము తీసుకోకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లోనే 181వ ఒప్పందంలో రాసింది. మినహాయింపులున్నాయి, చాలా దేశాలు దానికి ఒప్పుకోలేదు కూడా. అయినా పద్ధతి ఏమిటో తెలుస్తుంది కదా. ఇక గుర్తింపు పత్రాలు అట్టే పెట్టుకోవడాన్నయితే, వెట్టిచాకిరీని పసిగట్టే 11 సూచనల్లో ఒకటిగా అదే సంస్థ లెక్కేస్తుంది. ఒరిజినల్స్ చూపించండి, వదిలి రాకండి.

అలాగని గంట కూర్చోబెట్టారనో, గుచ్చి గుచ్చి అడిగారనో లేచి రావొద్దు. అది చిరాకే గానీ మోసం కాదు. ఆఫీసు పని అని పిలిచి కమీషన్ మీద అమ్మకాలు అంటే మాత్రం, స్థిరమైన జీతం ఎంతో ఒకసారి సూటిగా అడగండి. "కష్టపడితే ఎంతైనా రావచ్చు" అన్నారా, బ్యాగు సర్దుకోండి. పెళ్లి, పిల్లల గురించి అడిగితే, ఈ పనికి దానితో ఏం సంబంధమండీ అని మర్యాదగానే అనండి. సర్దుకుని మాట మారిస్తే సరే, దబాయిస్తే అక్కడ రేపటి రోజులెలా ఉంటాయో ఊహించుకోవచ్చు. చిన్న టెస్ట్ పెట్టడం మామూలే. తమ కస్టమర్‌కి పంపాల్సిన పనంతా ఉచితంగా చేసిమ్మంటే మాత్రం చేయకండి.

మనల్ని కుర్చీకి కట్టేసేది చాలాసార్లు మొహమాటమే. ముందు ఫైలు చేతిలోకి తీసుకోండి, ఆ తర్వాతే మాట. "ఇది నాకు సరిపడదండీ, వస్తాను" అంటే చాలు, కారణం చెప్పారో దాని మీద బేరం మొదలవుతుంది. జిరాక్సు ఇవ్వాల్సి వస్తే దాని మీద అడ్డంగా తేదీ, దేనికోసం ఇస్తున్నారో రాయండి. ఓటీపీ అయితే ఎవరడిగినా చెప్పొద్దు.

ఇప్పటికే కట్టేసినవాళ్లుంటే ప్రకటన, మెసేజ్‌లు, రసీదు అన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. బ్యాంకు ద్వారా కట్టి ఉంటే ఈరోజే బ్యాంకుకి ఫోన్ చేసి, పోలీసులకూ ఫిర్యాదు ఇవ్వండి. ఆ మొదటి జీతం దాకా ఆగకండి.