మెంతులు, కాకర, పొడపత్రి, నడక: షుగరుకు ఏది ఎంత పనిచేసింది

ఏళ్లుగా అన్నీ వాడి చెబుతున్నాను: నాకు అన్నిటికన్నా గుణమిచ్చింది రాత్రి భోజనం తర్వాతి నడక. రాగి సంగటి, పప్పు తిని టీవీ ముందు కూర్చుంటే రెండు గంటలకు మీటరులో 200 దాటేది. అదే ముద్ద, అదే పప్పు తిని కాసేపు నడిచిన రోజున 160 దగ్గరే ఉండేది. ఏ పొడితోనూ ఇంత తేడా చూడలేదు.

కారణం తెలిశాక నడక మీద ఇంకా గురి కుదిరింది. కండరం కదిలేటప్పుడు దాని కణాల్లోని గ్లూట్-4 అనే ప్రోటీన్లు పైపొరకు వచ్చి, ఇన్సులిన్ సాయం లేకపోయినా రక్తంలోని గ్లూకోజును లోపలికి తీసుకుంటాయి. ఆ మేరకు క్లోమానికి పని తగ్గుతుంది. టైప్-2 బయటపడేనాటికే చాలామందిలో ఆ క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల సత్తా దాదాపు సగం పోయి ఉంటుంది. మిగిలిందాన్ని కాపాడుకోవాలని నా పట్టుదల. మా అనంతపురం ఎండల్లో పొద్దెక్కితే బయట నడవలేం కదా, అందుకే తెల్లవారుజామున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు, రాత్రిపూట మిద్దె మీద.

మెంతులది రెండో స్థానం. రాత్రి ఒక చెంచా నానేసి, పొద్దున్నే ఆ నీళ్లతో సహా తింటాను. నానిన గింజను వేళ్లతో నలిపితే జిగురు సాగుతుంది. ఆ జిగురే గెలాక్టోమానన్ అనే పీచు. అది కడుపులో చిక్కబడి, తిన్నది చక్కెరగా మారి రక్తంలో కలిసే వేగాన్ని తగ్గిస్తుంది. ఉగ్గాణి తిన్న పూట ఆ తేడా బాగా తెలుస్తుంది. అయితే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1990లో ప్రచురించిన అధ్యయనంలో రోజుకు ఇచ్చింది 100 గ్రాముల మెంతిపొడి! చెంచాడుతో అంత ఫలితం రాదు.

పొడపత్రి ఆకు నమిలి వెంటనే చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టే ఉంటుంది. అందులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పట్టే చోట్లను కాసేపు కప్పేస్తాయి. ఉగాది పూట పెనం మీద ఓళిగల వాసన వస్తుంటే నన్ను ఆపింది ఈ ఆకే. కానీ ఇది క్లోమాన్ని మళ్లీ మామూలుగా చేస్తుందంటే మాత్రం ఒప్పుకోను. ఎలుకల్లో బీటా కణాలు కోలుకున్నాయన్న ప్రయోగాలున్నాయి గానీ మనుషుల్లో అంత గట్టి రుజువు లేదు.

కాకర రసం నాకు పడలేదు, కడుపులో ఒకటే మంట. కూరగా అయితే ఇష్టంగా తింటాను.

వీటి కోసం డాక్టరు రాసే మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర మానలేదు. ఇంగ్లీషు మందని దాన్ని తిట్టేవాళ్లకు ఒక మాట: దాని పుట్టుక కూడా గలేగా అనే యూరప్ మొక్కలోని పదార్థం నుంచే. 1957 నుంచి మనుషులకు వాడుతున్న మందు అది. నా హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) 8.4 నుంచి 6.9కి దిగడంలో మాత్ర, నడక, తిండి అన్నిటికీ వాటా ఉంది.

క్లోమం చేత ఇన్సులిన్ ఎక్కువ వదిలించే గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో తీసుకునేవాళ్లు వీటిని కలిపి మొదలుపెడితే షుగరు 70 కిందికి పడిపోవచ్చు. చేతులు వణికి, చెమటలు పడితే నడక ఆపి వెంటనే గ్లూకోజు నోట్లో వేసుకోండి. ఆ పొడుల పేర్లు మీ డాక్టరుకు ముందే చెప్పి, మాత్ర మోతాదు మార్చాలేమో అడగండి.