లక్స్ డిస్క్ తెరుచుకోనప్పుడు ఏది మేలు: రిపేరా, హెడర్ రీస్టోరా, విడి హెడరా?

లక్స్‌తో, అంటే లైనక్స్‌లో డిస్కులకు తాళం వేసే పద్ధతితో, ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్ మౌంట్ కాకపోతే (ఫైళ్లు చూడటానికి తెరుచుకోకపోతే) ముందు ఏ కమాండ్ కొట్టాలి అని చాలామంది అడుగుతుంటారు. పోయిన నెల నా 2 టెరాబైట్ల హార్డ్ డిస్కుకే ఆ గతి పట్టింది. మా తమ్ముడు దాన్ని వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న ల్యాప్‌టాప్‌కి తగిలించాడు. ఫార్మాట్ చేయాలని అది అడిగితే సరేనని నొక్కేశాడు. అమ్మానాన్నల షష్టిపూర్తి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఆ రాత్రి నాకు పట్టిన టెన్షన్ అంతా ఇంతా కాదు.

‘నో కీ అవైలబుల్ విత్ దిస్ పాస్‌ఫ్రేజ్’ అని వస్తే హెడర్ (డిస్క్ మొదట్లో ఉండే తాళం సమాచారం) కనీసం చదవడానికి వీలుగా ఉన్నట్టే. ముందు కీబోర్డ్ లేఅవుట్ మారిందేమో చూడండి. పాస్‌వర్డ్ తీసుకుని, ఆ తర్వాత మౌంట్ దగ్గర ఆగితే తేడా లోపలి ఫైల్‌సిస్టమ్‌లో ఉంది. నాకు వచ్చింది ఈ రెండూ కాదు, ‘అది లక్స్ డివైసే కాదు’ అన్న మెసేజ్. అంటే హెడరే దెబ్బతింది.

ఇక్కడ నేను చూసేది ఒక్కటే: ఏ దారిలో డిస్క్ మీద ఒక్క బైటు కూడా రాయకుండా పని జరుగుతుంది? ఎందుకంటే డేటాను తెరిచే అసలు కీ మన పాస్‌వర్డ్ కాదు. అది హెడర్‌లోని కీస్లాట్‌లో (కీని దాచే గడిలో) ఉంటుంది, పాస్‌వర్డ్ దాన్ని బయటికి తీస్తుందంతే. లక్స్ కొత్త వెర్షన్ అయిన లక్స్2లో డిస్క్ మొదట్లో మామూలుగా 16 మెబిబైట్లు ఇందుకే కేటాయిస్తారు. మెటాడేటాకు (హెడర్‌లోని సెట్టింగుల వివరాలకు) రెండు కాపీలుంటాయి గానీ కీస్లాట్లకు ఉన్నది ఒకటే కాపీ. పైగా కీని 4000 ముక్కలుగా పరిచి రాస్తారు కాబట్టి అందులో కొంచెం పోయినా ఆ స్లాట్ మొత్తం పోయినట్టే.

లక్స్ డిస్కులను నడిపే కమాండ్ క్రిప్ట్‌సెటప్. అందులోని రిపేర్ పనికొచ్చేది మెటాడేటా కాపీల్లో ఒకటి బాగున్నప్పుడు. పోయిన కీస్లాట్‌ను అది తిరిగి తేలేదు. హెడర్ బ్యాకప్ లేనివాళ్లకు మాత్రం అదే దిక్కు. అప్పుడైనా డీడీతో (బైటుకు బైటు కాపీ చేసే కమాండ్‌తో) ఆ మొదటి 16 మెబిబైట్లను వేరే చోటికి కాపీ చేసుకున్నాకే రిపేర్ కొట్టండి.

హెడర్ రీస్టోర్ (ముందే తీసిపెట్టుకున్న హెడర్ బ్యాకప్ ఫైల్‌ను డిస్కులోకి తిరిగి రాయడం) బలమైనదే, కానీ అది ఉన్న హెడర్ మీదే రాసేస్తుంది. బ్యాకప్ ఫైల్ వేరే డిస్కుదైతే, లేదా రీఎన్‌క్రిప్ట్ చేయకముందుదైతే, మిగిలిన కీస్లాట్లను మనమే చెరిపినట్టవుతుంది. రెండు మూడు డిస్కులున్న ఇంట్లో ఫైళ్లు తారుమారు కావడం ఎంతసేపు?

అందుకే నేను విడి హెడర్ దారి పట్టాను. క్రిప్ట్‌సెటప్ ఓపెన్‌కు హెడర్ ఆప్షన్ ఇచ్చి బ్యాకప్ ఫైల్‌ను చూపిస్తే, డిస్క్ మీది హెడర్‌ను వదిలేసి ఆ ఫైల్‌లోని కీతో తెరుస్తుంది. రీడ్‌ఓన్లీ కూడా జతచేస్తే డిస్క్ మీద ఏమీ రాయదు. ఫైల్ తప్పుదైనా నష్టం లేదు, ఇంకో ఫైల్‌తో ప్రయత్నించవచ్చు. నాకు పాస్‌వర్డ్ మొదటిసారే తీసుకుంది. లోపలున్న ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మౌంట్ మాత్రం జర్నల్ (మార్పుల చిట్టా) రాయలేక మొండికేసింది. జర్నల్‌ను పట్టించుకోవద్దనే నోలోడ్ ఆప్షన్ ఇస్తే వచ్చేసింది. అన్నీ వేరే డిస్కులోకి కాపీ చేశాను, ఏవో కొన్ని ఫైళ్లు తప్ప మిగతావన్నీ దొరికాయి. ఇది తిరిగే డిస్కు కావడం కూడా కలిసొచ్చింది. ఎస్‌ఎస్‌డీ అయితే ఫార్మాట్‌తోపాటు ట్రిమ్ (ఖాళీ అనుకున్న చోటును చెరిపేసే పని) నడిచి డేటా కూడా పోయి ఉండేదేమో.

ఫైల్‌సిస్టమ్‌ను సరిచేసే కమాండ్ ఎఫ్‌ఎస్‌సీకే సంగతి: లక్స్ తెరవకముందు అసలు పార్టిషన్ మీద నడపకండి. తెరిచాక కూడా మొదటిసారి ఏమీ మార్చని ఎన్ ఆప్షన్‌తో చూడటం వరకే.

డిస్క్ టకటకమంటున్నా, డీమెసేజ్‌లో (లైనక్స్ కెర్నల్ మెసేజ్‌లు చూపే కమాండ్‌లో) ఐఓ ఎర్రర్లు, అంటే చదవడం రాయడంలో తప్పులు కనిపిస్తున్నా వీటిలో ఏదీ వద్దు. ముందు పాడైన డిస్కుల నుంచి కాపీ తీసే డీడీరెస్క్యూతో ఇమేజ్ (డిస్క్ మొత్తానికి నకలు) తీసి, ఆ ఇమేజ్ మీదే ప్రయత్నించండి.

నా హెడర్ ఫైల్ పేరులో ఇప్పుడు ఆ డిస్క్ యూయూఐడీ (దాని ప్రత్యేక గుర్తింపు సంఖ్య), తీసిన తేదీ రెండూ ఉన్నాయి. ఒక కాపీ తమ్ముడి దగ్గర కూడా పెట్టాను.