స్టిక్కర్ వాల్‌పేపర్, ఫోమ్ ప్యానెళ్లు: వానాకాలాలు గడిచాక నా రివ్యూ

ఆన్‌లైన్‌లో స్టిక్కర్ వాల్‌పేపర్ల కింద కనిపించే రివ్యూల్లో చాలావరకు అంటించిన రోజే రాసినవి. ఫొటోలో గోడ మెరిసిపోతుంటుంది, ఐదు స్టార్లు ఇచ్చేస్తారు. అదే గోడ ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూశాక ఎలా ఉందో మళ్లీ వచ్చి రాసేవాళ్లు తక్కువ. మేం తెనాలిలో ఒక పాత ఇంట్లో పై పోర్షన్‌లో అద్దెకు ఉంటున్నాం. 2022 వేసవిలో హాలు, బెడ్‌రూమ్, వంటిల్లు, పిల్లల మంచం పక్క గోడ, అన్నిచోట్లా మేమే అంటించుకున్నాం. హాల్లో, బెడ్‌రూమ్‌లో వేసింది ఒకే కంపెనీ, ఒకే డిజైన్, ఒకేసారి కొన్న రోల్స్. బెడ్‌రూమ్‌ది ఇప్పటికీ కొత్తదానిలా ఉంది, హాల్లోది రెండో వానాకాలం దాటేసరికి పీకేయాల్సి వచ్చింది. అందుకే సరుకు కంటే గోడల గురించే ఎక్కువ రాస్తున్నా, తేడా అంతా అక్కడే ఉంది.

బెడ్‌రూమ్ గోడ రెండు గదుల మధ్యది. బయటి వాన తగలదు, వెనకాల బాత్రూమ్ లేదు, లోపల నీళ్ల పైపు లేదు. ఓనరుగారు అంతకుముందే లప్పం (గోడ నున్నగా రావడానికి పూసే పుట్టీ) పెట్టించి ఎమల్షన్ (చేతికి పొడి అంటని గోడ రంగు) వేయించారు కాబట్టి నున్నగా ఉంది. అలాంటి గోడ మీద ఈ పీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) వాల్‌పేపర్ నిజంగా బాగుంటుంది. తడిగుడ్డతో తుడవొచ్చు, రంగు వెలిసిపోలేదు, ఏసీ గాలికి అంచులు లేవలేదు. ఆ గది వరకు నా మార్కులు పూర్తిగా ఇస్తాను.

హాలు గోడకు సగం అవతల బాత్రూమ్, మిగతా సగం బయటి గోడ. మొదటి ఏడాదే కింద స్కర్టింగ్ పక్కన చిన్న చిన్న బుడగలు వచ్చాయి, సూదితో పొడిచి నొక్కితే అణిగిపోయేవి. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, అప్పుడు మా వైపు వాన వదల్లేదు. ఆ తర్వాత హాల్లో ఒకటే ముక్కిన వాసన. ఒక మూల పట్టుకుని లాగితే షీట్ మొత్తం చేతిలోకి వచ్చేసింది, వెనకాల నల్లగా బూజు, దాని చుట్టూ తెల్లటి ఉప్పు పొడి. మాకు తెలిసిన పెయింటర్ బాబాయ్ వచ్చి గోడ తట్టి చూసి, "అమ్మా, ఈ గోడ నీళ్లు తాగుతోంది. దీని మీద ఏం కప్పినా నిలవదు. ముందు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడండి" అన్నాడు.

ఆయన చెప్పిందే అసలు విషయం. ఇటుకలోకి, ప్లాస్టరింగ్‌లోకి చేరిన నీళ్లు లోపలి లవణాలను కరిగించుకుని గోడ పైకి వస్తాయి, నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. సున్నం వేసిన గోడైతే ఆ ఆవిరి బయటికి పోతుంది, గోడ మరకలు పడినా ఊపిరి పీల్చుకుంటుంది. మనం దాని మీద ప్లాస్టిక్ షీట్ అంటిస్తే ఆవిరికి దారి ఉండదు, జిగురు వదులైపోతుంది, చీకట్లో తడి దొరికింది కాబట్టి బూజు పెరుగుతుంది. "చెమ్మ మరకలు కనపడకుండా వాల్‌పేపర్ వేసేద్దాం" అని ఎవరైనా అనుకుంటుంటే దయచేసి ఆగండి. మరక కనపడదు, నిజమే, కానీ ఆ గదిలో పడుకునే పిల్లలు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లు ఆ బూజు గాలే పీల్చాల్సి వస్తుంది.

చెమ్మ ఉందో లేదో చూడటానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. మూరెడు చదరం పాలిథిన్ కవర్ తీసుకుని గోడకు పెట్టి, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు అంటించి ఒక రోజంతా వదిలేయండి. విప్పినప్పుడు కవర్ లోపలి వైపు, అంటే గోడ వైపు, నీటి బిందువులు ఉన్నా, గోడ రంగు ముదురుగా మారినా ఆ గోడ లోపల తడి ఉన్నట్టే. గది వైపు మాత్రమే తడి ఉంటే అది గాలిలోని తేమ. ఇది మే నెలలో చేసి సంతోషపడితే లాభం లేదు, వానలు పడుతున్నప్పుడు చెయ్యాలి. మనకు కోస్తాలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండాల కాలం, గోడ అసలు సంగతి అప్పుడే బయటపడుతుంది.

ఇంకో పరీక్ష అరచేత్తో గోడను గట్టిగా రుద్దడం. చేతికి తెల్లగా పొడి అంటితే అది సున్నమో, పాత డిస్టెంపరో (నీళ్లలో కలిపి వేసే చవక రంగు). దాని మీద స్టిక్కర్ నిలబడదు, ఎందుకంటే జిగురు పట్టుకునేది గోడను కాదు, ఆ పొడిని. మా తమ్ముడి ఇంట్లో ఇలాగే సాయంత్రం అంటిస్తే తెల్లారేసరికి సగం షీట్ నేల మీద ఉంది. అలాంటి గోడకు పొడి గీకేసి, ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) వేసి, అది బాగా ఆరాకే మొదలుపెట్టాలి. కొత్తగా పెయింట్ వేసిన గోడైనా మూడు నాలుగు వారాలు ఆగడం మంచిది. చేతికి ఆరినట్టు తగిలినా పెయింట్ పొర గట్టిపడటానికి అంత టైమ్ పడుతుంది.

రోల్స్ లెక్క దగ్గర చాలామంది దెబ్బ తింటారు. సాధారణంగా రోల్ 45 సెంటీమీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు ఉంటుంది, అంటే సుమారు 48 చదరపు అడుగులు. పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గోడంటే 100 చదరపు అడుగులే కదా, రెండు రోల్స్‌తో దాదాపు అయిపోతుంది అనిపిస్తుంది. అవ్వదు. గోడ వెడల్పు 305 సెంటీమీటర్లు, దానికి ఏడు పట్టీలు కావాలి, ఒక రోల్ నుంచి పూర్తి ఎత్తు పట్టీలు మూడే వస్తాయి. మూడు రోల్స్ తప్పవు. డిజైన్ కలపాల్సిన రకమైతే వేస్టేజ్ ఇంకా పెరుగుతుంది. అన్నీ ఒకేసారి, ఒకే బ్యాచ్ నంబర్‌వి తీసుకోండి, తర్వాత విడిగా తెప్పించిన రోల్ షేడ్ కలవకపోవచ్చు.

అంటించేటప్పుడు గది మూలను నమ్మొద్దు, పాత ఇళ్లలో మూలలు నిటారుగా ఉండవు. దారానికి బరువు కట్టి పైనుంచి వేలాడదీసి పెన్సిల్‌తో గీత గీసుకుని మొదటి పట్టీ దాని వెంబడే వేయాలి, మొదటిది కొంచెం వంగితే చివరిదాకా వంకరే. పీవీసీ కాలం గడిచేకొద్దీ కాస్త ముడుచుకుంటుంది కాబట్టి పట్టీల అంచుకు అంచు ఆనించి వేస్తే ఎండాకాలం తర్వాత మధ్యలో సన్నటి తెల్ల గీతలు కనపడతాయి. రెండు మూడు మిల్లీమీటర్లు ఒకదాని మీద ఒకటి వచ్చేలా వేసిన చోట మాకు ఆ బాధ లేదు.

వంటింట్లో అల్యూమినియం ఫాయిల్ స్టిక్కర్ వాడాం. టైల్స్ మీద నూనె జిడ్డు సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరాక వేస్తే చాలా గట్టిగా పట్టుకుంది, పోపు చిట్లినా తుడిస్తే పోతుంది. గట్టు అంచు దగ్గర నీళ్లు నిలిచేచోట మాత్రం లేస్తుంది, అక్కడ సిలికాన్ పూయాలి. ఒక్క విషయం మాత్రం ప్రాణాలకు సంబంధించింది. అది లోహం, కరెంటు ప్రవహిస్తుంది. స్విచ్ బోర్డు ప్లేటు విప్పి దాని కిందికి ఫాయిల్ దోపితే నీట్‌గా కనిపిస్తుందని కొన్ని వీడియోల్లో చూపిస్తున్నారు, అలా అస్సలు చెయ్యొద్దు. బోర్డు చుట్టూ ఖాళీ వదిలి కత్తిరించండి, కత్తిరించే ముందు మెయిన్ ఆపేయండి.

ఇటుకల డిజైన్ ఫోమ్ ప్యానెళ్లు నాకు నచ్చలేదు. పిల్లల మంచం పక్కన మెత్తగా ఉంటుందని వేశాం. మంచం ఆనిన చోట నొక్కులు పడ్డాయి, మళ్లీ లేవలేదు. పిల్లలు వేళ్లతో గిల్లి గిల్లి తునకలు తీశారు, కిటికీ పక్కన ఎండ తగిలిన వరుస పసుపు తిరిగింది. అది పాలిథిన్ జాతి ఫోమ్, మంట తగిలితే కరిగి అంటుకుంటుంది. పొయ్యి వెనకా, దేవుడి మూలలో దీపం పక్కనా దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు.

ఇక హాలు గోడ. బాత్రూమ్ టైల్స్ సందుల్లో గ్రౌటింగ్ పోయి నీళ్లు లోపలికి దిగుతున్నాయని తేలింది. ఓనరుగారు అది బాగు చేయించారు, బయటి గోడ పగుళ్లు కూడా పూడ్పించారు. ఉప్పు రాలిన భాగం గీకేసి వేసవి అంతా గోడను అలాగే వదిలేశాం. చుట్టాలు వస్తే చూడ్డానికి బాగోలేదు, అయినా అదే సరైన పని. తర్వాత లప్పం మేమే పెట్టాం. వైట్ సిమెంట్ పుట్టీకి ముందు గోడ మీద కొద్దిగా నీళ్లు చల్లాలి, లేకపోతే పొడిగా ఉన్న గోడ లప్పంలోని తడిని లాగేసుకుని అది పెచ్చులుగా రాలుతుంది. మందంగా ఒకేసారి కాకుండా పలచగా రెండు సార్లు పెట్టాలి, కలిపింది గట్టిపడితే మళ్లీ నీళ్లు పోసి వాడకూడదు. ఎమరీ పేపర్‌తో రుద్దేటప్పుడు ఇల్లంతా పొడి, ముక్కుకు మాస్కు తప్పనిసరి. ప్రైమర్ ఒక కోటు, ఎమల్షన్ రెండు కోట్లు వేశాం. తర్వాత వచ్చిన వానలకు ఒక్క పొక్కు లేదు.

పాత తలుపులు కూడా రుద్ది రంగు వేయాలని చూసేవాళ్లకు ఒక మాట. మన దేశంలో ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదన్న నియమం 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్ (తలుపులకు వేసే ఆయిల్ పెయింట్) పొరల్లో సీసం ఎక్కువగా ఉండొచ్చు. పొడిగా రుద్దితే ఆ దుమ్ము పిల్లల చేతుల్లోంచి నోట్లోకి పోతుంది. నీళ్లతో తడిపి రుద్దండి, ఆ పూట పిల్లలను అమ్మమ్మ ఇంటికి పంపేయండి, దుమ్ము చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తండి.

అద్దె ఇళ్ల వాళ్లు ఎక్కువగా అడిగేది తీసేటప్పుడు గోడ పాడవుతుందా అని. ఎమల్షన్ గోడైతే పెద్దగా పాడవదు, కానీ ఒక్కసారిగా గుంజితే రంగు పెచ్చులు వస్తాయి. హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెడుతూ, షీట్‌ను గోడకు దగ్గరగా వెనక్కి మడిచి నెమ్మదిగా లాగాలి. మిగిలిన జిగురు గోరువెచ్చని సబ్బు నీళ్లకు పోతుంది, వంటింటి టైల్స్ మీదైతే నీలగిరి తైలం బాగా పనిచేస్తుంది. డిస్టెంపర్ గోడ అయితే రంగు ఊడి రావడం ఖాయం, మళ్లీ వేయించే ఖర్చు ఎవరిదో ఓనరుగారితో అంటించకముందే మాట్లాడుకోండి, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్ దగ్గర గొడవలు రావు.