ఒక జన్యు మార్పు కాపాడితే, ఇంకొకటి ముప్పు పెంచుతుంది

హెచ్‌ఐవీ కణంలోకి దూరడానికి ఎక్కువగా సీసీఆర్5 అనే ప్రోటీన్‌ను వాడుకుంటుంది. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో 32 డీఎన్‌ఏ అక్షరాలు ఊడిపోయిన రూపం తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తే, వైరస్‌కు దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఒక్కరి నుంచే వస్తే ఇన్ఫెక్షన్ సోకొచ్చు గానీ జబ్బు నెమ్మదిగా ముదురుతుంది. ఇది ఉత్తర ఐరోపాలో ఎక్కువ, మన దగ్గర చాలా అరుదు.

కోవిడ్ విషయంలో మనకు దొరికింది అచ్చం వ్యతిరేకం. మూడో క్రోమోజోమ్‌పై ఎప్పుడో అంతరించిపోయిన నియాండర్తల్ మానవుల నుంచి వచ్చిన ఒక భాగం జబ్బు తీవ్రమయ్యే ముప్పును పెంచుతుంది. దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో కనీసం ఒక కాపీ ఉందని 2020లో తేలింది. అయినా టెన్షన్ పడక్కర్లేదు, వయసు ప్రభావం అంతకంటే చాలా ఎక్కువ.

నా దృష్టిలో మొదటిదే విలువైనది, ఎందుకంటే అది మందుకు దారి చూపింది. సీసీఆర్5ను అడ్డుకునే మారావిరాక్ అనే హెచ్‌ఐవీ మందు 2007లోనే వచ్చింది.