చలికాలం తిరుగుళ్లయ్యాక బండి కడిగించడానికి ఆటోనగర్‌లో ఈ షాపు

విజయవాడ ఆటోనగర్‌లో ఉన్న ఈ వాటర్ వాష్ షాపు గురించి ఎవరడిగినా నేను మొదట చెప్పేది అక్కడ ప్రెషర్ గన్ పట్టుకునే కుర్రాడి గురించే. గన్ ఎక్కడ పెట్టకూడదో ఆ అబ్బాయికి తెలుసు. చక్రాల మధ్య బేరింగులుండే చోట, హ్యాండిల్ కింద కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) దగ్గర, చైన్ మీద, హెడ్‌లైట్ వెనక వైర్లన్నీ కలిసే చోట, తాళంచెవి పెట్టే రంధ్రంలో నేరుగా కొట్టడు. అక్కడికొచ్చేసరికి గన్ పక్కన పెట్టేసి మామూలు పైపు, బ్రష్, స్పాంజి అందుకుంటాడు. ఇదేం పెద్ద విషయమని అనిపించొచ్చు గానీ, ఆ ఒత్తిడికి నీళ్లు రబ్బరు సీళ్లను దాటి లోపలికి పోతాయి, గ్రీజు కొట్టుకుపోతుంది, పైకి బండి తళతళలాడుతూనే ఉంటుంది, కొన్నాళ్లకి వీల్ బేరింగ్ నుంచి గుర్రుమని చప్పుడు మొదలవుతుంది. అప్పుడు మెకానిక్ దగ్గరికి పరిగెత్తుతాం, ఎప్పుడో చేయించిన వాటర్ వాష్ మీదకి మాత్రం అనుమానం పోదు.

మనవైపు బండ్లు ఎక్కువగా తిరిగేది చలికాలంలోనే. ఎండల్లో ఎటూ వెళ్లలేం, వానల్లో వెళ్లాలనిపించదు, డిసెంబరు వచ్చిందంటే లంబసింగి అని ఒకరు, పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్లి సూర్యలంకలో సూర్యోదయం చూద్దామని ఇంకొకరు. మంచు కురిసే దేశాల్లో రోడ్డు మీద ఐస్ కట్టకుండా ఉప్పు చల్లుతారు, అక్కడివాళ్లకి చలికాలం తర్వాత బండి కడగడమంటే ముందు ఆ ఉప్పు వదిలించుకోవడమే. మన రోడ్ల మీద ఎవరూ ఉప్పు చల్లరు, మన బండికి పట్టే మురికి వేరు. తెల్లవారుజామున మంచుకి రోడ్డు తడిగా ఉంటే లారీల పొగ మసి, దుమ్ము కలిసి ఇంజిన్ కింద జిడ్డుగా పేరుకుంటాయి. డెల్టా ఊళ్లలో రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు కాబట్టి ఊక, గడ్డిపరకలు అన్నీ ఎగిరొచ్చి బండిలో దూరతాయి. ఇబ్రహీంపట్నం వైపు తిరిగేవాళ్లకి థర్మల్ స్టేషన్ బూడిద లారీల ధర్మమా అని ఆ బూడిద కూడా. ఇక సముద్రం దాకా వెళ్లినవాళ్ల బండికి ఉప్పు గాలి పట్టనే పడుతుంది. గాలిలోని తేమను ఆ ఉప్పు లాక్కుంటుంది, అందుకే బండిని ఇంట్లో పెట్టి కవర్ కప్పినా లోపల తుప్పు తన పని తాను చేసుకుంటూ పోతుంది. స్పోకులు, ఫోర్కు గొట్టాలు, సైలెన్సర్ వెనక భాగం, నట్లు ముందు పోతాయి. బీచ్ నుంచి వచ్చినవాళ్లు షాపుకి తీరికగా వెళ్లొచ్చు గానీ, ముందు ఇంటికి రాగానే ఉత్త నీళ్లతో ఒకసారి ధారాళంగా కడిగెయ్యండి.

షాపులో పని ఎలా జరుగుతుందో చెప్తాను. బండి వేడిగా ఉంటే ముట్టుకోరు. "కాస్త చల్లారనివ్వండి సార్, అలా కూర్చోండి" అంటారు. ఇంజిన్, బ్రేకు డిస్క్ కాలుతున్నప్పుడు చన్నీళ్లు కొడితే మంచిది కాదు, పైగా షాంపూ ఆ వేడికి ఆరిపోయి మరకలు పడతాయి. తర్వాత సైలెన్సర్ మూతికి అడ్డం పెట్టి, తక్కువ ఒత్తిడితో నీళ్లు పోసి మట్టిని నాననిస్తారు. పొడి గుడ్డతో తుడవడం అనేది అక్కడ చూడలేదు, అది నాకు చాలా నచ్చింది, ఎందుకంటే బూడిద, దుమ్ము ఉన్న ట్యాంకుని పొడిగా తుడిస్తే పెయింట్‌ని గరుకు కాగితంతో రుద్దినట్టే. ఫోమ్ కొట్టాక పైభాగానికి ఒక గుడ్డ, చక్రాలకీ కిందకీ వేరే గుడ్డ. నేను వెళ్లినప్పుడు ఆ కుర్రాడు ఇంజిన్ పక్కన చైన్ తిరిగే పళ్లచక్రం (ముందువైపు స్ప్రాకెట్) కవర్ విప్పి, లోపల గ్రీజుతో కలిసి నల్లటి ముద్దగా మారిన గడ్డిని స్క్రూడ్రైవర్‌తో పెళ్లగించి తీశాడు. వేళ్ల మధ్య నలిపి చూపించాడు, అందులో ఇసుక గరగరలాడుతోంది. ఆ కవర్ విప్పమని నేను అడగలేదు, తనే విప్పాడు.

చైన్ పని వీళ్ల అసలు బలం. కడుగుడు డబ్బుల్లో ఇది రాదు, వేరేగా చేయించుకోవాలి, తప్పకుండా చేయించుకోండి. 150 సీసీ, ఆపైన బండ్లలో చాలావాటికి ఓ-రింగ్ చైన్ వస్తుంది, ఆ చిన్న రబ్బరు రింగుల లోపల కంపెనీ పెట్టిన గ్రీజు ఉంటుంది, ఆ రబ్బరు పోతే చైన్ ఆయుష్షు అయిపోయినట్టే. అందుకే పెట్రోల్‌తో కడగకూడదు, ఇనప తీగల బ్రష్‌తో గీకకూడదు. వీళ్లు చైన్ క్లీనర్ స్ప్రే వాడతారు, అది లేకపోతే కిరోసిన్, నైలాన్ బ్రష్. ఇంజిన్ ఆపి, సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం చేత్తో తిప్పుతూ కడుగుతారు. కొన్ని చోట్ల బండి గేరులో వేసి, చైన్ తిరుగుతుండగా గుడ్డ పెట్టి తుడుస్తుంటారు, వేళ్లు పోతాయి, ఎవరైనా అలా చేస్తుంటే దయచేసి ఆపండి. కడిగాక గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక, లోపలివైపు నుంచి లూబ్, అంటే చైన్‌కి వేసే నూనె, కొడతారు, చక్రం తిరిగేటప్పుడు అది బయటికి పాకుతుంది. కాసేపు అలా వదిలేసి మిగిలింది తుడిచేస్తారు. చైన్ పైకీ కిందకీ ఎంత ఆడుతోందో కూడా చూస్తారు, చాలా బండ్లకి 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటుంది, మీ బండికి ఎంతో మాన్యువల్‌లోనే చూసుకోండి. డబ్ల్యూడీ-40 అనే స్ప్రే కొట్టి చైన్‌కి లూబ్ అయిపోయిందనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, మామూలు డబ్ల్యూడీ-40 తడి వదిలించడానికి, పట్టేసిన నట్లకి బాగుంటుంది గానీ చైన్‌కి అది లూబ్ కాదు.

ఇంకో మంచి విషయం, వీళ్లు డీజిల్ కొట్టరు. కడిగాక కింద అంతా డీజిల్ స్ప్రే చేసి "చూడండి ఎలా మెరుస్తోందో" అనే షాపులు ఊరినిండా ఉన్నాయి. ఆ మెరుపు రెండ్రోజులు కూడా ఉండదు, ఆ జిడ్డుకి దుమ్మంతా అతుక్కుంటుంది, రబ్బరు బుష్‌లు, పైపులు ఉబ్బుతాయి, ఇక డిస్క్ మీద పడిందంటే బ్రేకు పడదు. ఇది ప్రాణాలతో వ్యవహారం కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. మీరు ఎక్కడ కడిగించినా ముందే "డీజిల్ వద్దు" అని చెప్పండి.

ఆరబెట్టడం కూడా ఓపికగా చేస్తారు. కంప్రెసర్ గాలితో స్విచ్‌లు, స్పార్క్ ప్లగ్ గుంత, ఇంజిన్ ఫిన్ల సందులు ఊదుతారు, తర్వాత ఇంజిన్ కాసేపు ఆన్‌లో ఉంచుతారు. బయల్దేరేముందు "నెమ్మదిగా పోతూ రెండుమూడుసార్లు బ్రేకు నొక్కండి సార్" అని చెప్పి మరీ పంపుతారు, తడి డిస్క్ మొదట్లో సరిగ్గా పట్టదు కదా.

బాగాలేనివి కూడా చెప్పాలి. అక్కడ వాడేది బోరు నీళ్లు, ఆరితే తెల్ల చుక్కలు పడతాయి. ట్యాంకు వెంటనే తుడుస్తారు గానీ అద్దాలు, హెడ్‌లైట్, సైలెన్సర్ క్రోమ్ వదిలేస్తున్నారు, నేను పక్కన నిలబడి అడిగితేనే తుడిచారు. పెయింట్ మీద టెఫ్లాన్ కోటింగ్ వేయించుకోమని క్యాష్ కౌంటర్ దగ్గర ఒత్తిడి చేస్తారు, బండి పెయింట్ బాగుంటే మంచి వ్యాక్స్ చాలు, మొహమాటపడకుండా వద్దని చెప్పెయ్యండి. కూర్చోవడానికి రెండు ప్లాస్టిక్ కుర్చీలు తప్ప ఏమీ లేవు, నీడ కూడా మధ్యాహ్నానికి పోతుంది.

నా దగ్గర ఫోమ్ వాష్‌కి 150, చైన్‌కి 200 తీసుకున్నారు. చైన్‌కి 200 ఎక్కువే అంటారేమో, చైన్ సెట్ మార్చాల్సి వస్తే అయ్యే ఖర్చు ముందు అది నాకు ఎక్కువనిపించలేదు. ఆదివారం మాత్రం వెళ్లకండి, లైన్‌లో బండ్లు పెరిగేకొద్దీ పని తొందరవుతుంది, ఆ గన్ కుర్రాడు కాకుండా వేరేవాళ్లు పట్టుకుంటారు. మామూలు రోజు పొద్దున్నే వెళ్లి, చైన్ పని కూడా ఉందని ముందే చెప్పండి.