వరదలో పోయిన గేర్‌బాక్స్, దాని స్థానంలో వచ్చిన పాతది

నా ఇసుజు వి-క్రాస్ పికప్ ట్రక్కు 2020 మొదట్లో కొన్నది. 1.9 లీటర్ల డీజిల్, ఆరు గేర్ల ఆటోమేటిక్, ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలనూ తిప్పేది. అప్పటి మన చిత్తూరు జిల్లా శ్రీసిటీలోనే తయారైన బండి అని కాస్త అభిమానం కూడా ఉండేది.

2021 నవంబరులో, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయిస్తున్న వారంలో, మామిడి తోట చూడాలని బంపరు మునిగే నీళ్లలోకి దింపాను. తప్పు నాదే. ఇంజన్ ఆగకపోవడంతో గట్టెక్కాననుకున్నాను. పది రోజులకు రెండో గేరు నుంచి మూడుకు మారేటప్పుడు బండి వణకడం మొదలైంది. ఎర్రగా ఉండాల్సిన గేర్‌బాక్స్ ఆయిల్ పాలు కలిపిన రోజా షర్బత్‌లా బయటికి వచ్చింది. గేర్‌బాక్స్ గాలి పీల్చుకునే సన్న గొట్టం నుంచి నీరు దిగింది. నీరు తగిలితే క్లచ్ ప్లేట్ల మీది రాపిడి పొర జిగురు వదిలేస్తుంది. ఆ తరువాత ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా దండగే.

కొత్తదానికి పెట్టే స్తోమత లేక పాతదాని కోసం వెతికాను. రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డు వాళ్లు "ఇసుజుదే కదా సార్, ఏదైనా పడుతుంది" అన్నారు. అది ఇసుజు వాళ్ల ఎస్‌యూవీ ఎంయూ-ఎక్స్‌ది. ఇంజన్ మూడు లీటర్లు, గేర్లు అయిదు, నడిపే కంప్యూటర్ వేరు. బ్యాడ్జి ఒకటే తప్ప చుట్టరికం లేదు. తరువాత వి-క్రాస్‌దే ఒకటి దొరికింది, అదే 1.9, అదే ఆరు గేర్లు. ఎగిరి గంతేశాను. చిత్తూరు మేస్త్రీ వెనక్కి తిప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. అది టూ బై ఫోర్, అంటే వెనక చక్రాలనే తిప్పే బండిది. దాని తోక నేరుగా వెనక చక్రాలకు శక్తి మోసే ప్రొపెల్లర్ షాఫ్టుకు వెళుతుంది, నాదానికి అక్కడ ముందు చక్రాలకూ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు కూర్చోవాలి. అమెరికాలో ఫోర్డ్, జీఎం కలిసి ఒకే పది గేర్ల పెట్టెను రూపొందించుకుని, ఎవరి ట్రక్కులకు తగ్గట్టు వారు మలచుకున్నాయి. తోడబుట్టిన పెట్టెలే ఒకదాని చోట మరొకటి కూర్చోవు. ఇక నేను బ్యాడ్జి నమ్మడం ఏమిటి?

చివరికి చెన్నై పుదుప్పేటలో, పక్క నుంచి దెబ్బతిన్న సరిగ్గా నా రకం బండిది దొరికింది. మేస్త్రీ దాని మీది నెంబరు పలక నాదానితో పోల్చాకే డబ్బు ఇవ్వనిచ్చాడు. బిగించేటప్పుడు, ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ లోపలికి పూర్తిగా దిగిందో లేదో స్కేలు పెట్టి మూడుసార్లు కొలిచాడు. అది సగంలో ఆగితే, బోల్టులు బిగించగానే ఆయిల్ పంపు పగులుతుంది. పాత ఆయిల్ కూలర్‌ను కడిగించి మళ్లీ వాడుదామని నేను పోరాను. "అందులో మిగిలిన పొడి కొత్తదాన్నీ తింటుంది" అని పారేశాడు. ఆ రోజు కోపం వచ్చింది. ఇప్పుడు లేదు.

గేర్లు నడిపే కంప్యూటర్‌లో పాత లెక్కలు చెరిపి, మళ్లీ నేర్పించే పని ఒక పూట తీసుకుంది.

ఇప్పటికి దీనితో 62,000 కిలోమీటర్లు తిరిగాను. చలికాలం పొద్దున రెండు నుంచి మూడుకు మారేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది, నూనె వేడెక్కగానే పోతుంది. తిరుమల రెండో కనుమ దారిలో ఎక్కేటప్పుడు మలుపు మలుపుకూ గేరు వెతుక్కునే పాత బుద్ధి లేదు. దిగేటప్పుడు మాన్యువల్‌లో రెండో గేరు పట్టుకుంటే బ్రేకుల వాసన రాదు. తోతాపురి సీజనులో పది క్రేట్లతో తోట బురద దాటి దామలచెరువు మండీకి చేరుస్తుంది. ఆయిల్ మాత్రం నలభై వేలకు ఒకసారి మారుస్తున్నాను, జీవితకాలం మార్చక్కర్లేదనే మాట వినకుండా.

మొన్న ఒక టయోటా హైలక్స్ యజమాని, అదే కంపెనీ ఫార్చ్యూనర్ గేర్‌బాక్స్ చవగ్గా దొరికింది, పడుతుందా అని అడిగారు. రెండింటిదీ 2.8 డీజిలే, ఆరు గేర్లే. రెండు పెట్టెల నెంబరు పలకల ఫోటోలు పంపమన్నాను. ఇంకా పంపలేదు.