డిగ్రీ అయ్యాక బీఈడీనా, డీఈడీనా?

వేసవి వచ్చిందంటే నన్ను అందరూ అడిగేది ఇదే. డిగ్రీ ఆఖరి సెమిస్టర్ రాసిన పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, ఒక్కోసారి ముఖపరిచయం కూడా లేనివాళ్లు. "టీచర్ కావాలనుంది అక్కా, బీఈడీకి అప్లై చేయనా, డీఈడీకి చేయనా?" నేను చేసింది బీఈడీ. పోయిన ఏడాది మా చెల్లి మాత్రం బీఎస్సీ అయ్యాక డైట్‌లో (జిల్లాలో ఉండే ప్రభుత్వ టీచర్ శిక్షణ కాలేజీ) డీఈడీలో చేరింది. ఆ నిర్ణయానికి ముందు మా ఇంట్లో నెల రోజులు ఇదే చర్చ. అందుకే రెండు వైపులా నేను చూసింది రాస్తున్నాను.

డిగ్రీ ఉన్నవాళ్లు బీఈడీయే చేయాలన్నది మన దగ్గర పాతుకుపోయిన ఆలోచన. మా నాన్న కూడా అదే అన్నారు: "డిగ్రీ చదివి మళ్లీ ఇంటర్ పిల్లల పక్కన కూర్చుంటుందా?" ఆ మాటలో బాధ ఉంది, కాదనను. డీఈడీకి ఇంటర్ చాలు, పేరులోనే అది డిప్లొమా. కానీ రెండూ రెండేళ్ల కోర్సులే. బీఈడీ ఎంట్రన్స్ ఎడ్‌సెట్‌కైనా, డీఈడీ ఎంట్రన్స్ డీఈఈసెట్‌కైనా గరిష్ఠ వయసు అడ్డం రాదు. పైగా చదువులో ఏది పెద్దది అన్న లెక్కతో ఉద్యోగం రాదు.

2018లో టీచర్ల అర్హతలు నిర్ణయించే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ బీఈడీ వాళ్లకు కూడా ఒకటి నుంచి ఐదు తరగతులు చెప్పే అవకాశం ఇచ్చింది. నాతో చదివిన చాలామంది ఆ ధైర్యంతోనే బీఈడీలో చేరారు: హైస్కూల్ టీచర్ పోస్టు అయిన స్కూల్ అసిస్టెంట్ రాకపోతే, ప్రాథమిక తరగతుల టీచర్ పోస్టు ఎస్జీటీ అయినా రాసుకోవచ్చని. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తలుపు మూసేసింది. ప్రాథమిక తరగతులకు బీఈడీ అర్హత కాదని తేల్చి చెప్పింది. అప్పటికే ఉద్యోగంలో చేరినవాళ్లకు మాత్రం రక్షణ దొరికింది. కాబట్టి ఇప్పుడు ఎస్జీటీ పోస్టు డీఈడీ వాళ్లదే. "బీఈడీ చేస్తే రెండూ రాయొచ్చు కదా" అని ఇప్పటికీ కొందరు చెబుతున్నారు. అది నమ్మి ఫీజు కట్టకండి.

నా దృష్టిలో అసలు తేల్చేది పోస్టుల సంఖ్య. అదీ రాష్ట్రం మొత్తం సంఖ్య కాదు, మీ జిల్లాలో మీ సబ్జెక్టుకు వచ్చేది. తెలంగాణ 2024 డీఎస్సీని, అంటే ప్రభుత్వ టీచర్ల నియామకాన్నే తీసుకోండి. మొత్తం 11,062 పోస్టుల్లో ఎస్జీటీలు 6,508, స్కూల్ అసిస్టెంట్లు 2,629. ముప్ఫై మూడు జిల్లాలకు సగటున పంచి చూస్తే జిల్లాకు దాదాపు 197 ఎస్జీటీలు, 80 స్కూల్ అసిస్టెంట్లు. ఎస్జీటీకి సబ్జెక్టు గొడవ లేదు. స్కూల్ అసిస్టెంట్లకు అలా కాదు. ఆ 80 పోస్టులను లెక్కలు, ఫిజికల్ సైన్స్, బయాలజీ, సోషల్, తెలుగు, హిందీ, ఇంగ్లిష్ అంటూ ముక్కలు చేయాలి. ఆపైన మీడియం, ఆపైన రోస్టర్, అంటే రిజర్వేషన్ల వరస. అన్నీ పోగా నా బయాలజీకి మా జిల్లాలో మిగిలినవి ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అందులో నా కేటగిరీకి పనికొచ్చేవి ఇంకా తక్కువ. రెండేళ్లు చదివి, టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో మంచి మార్కులు తెచ్చుకుని, ఆ నోటిఫికేషన్ కింద జిల్లా పట్టిక తెరిచి చూసిన రోజు నాకు ఇంకా గుర్తుంది. ఏ సబ్జెక్టుకు ఎన్ని వస్తాయో రెండేళ్ల ముందే చెప్పలేం. కానీ పాత డీఎస్సీల పట్టికలు తిరగేస్తే మీ జిల్లా తీరు తెలుస్తుంది. ఆ పని నేను బీఈడీలో చేరకముందే చేసి ఉండాల్సింది.

తెలంగాణలో ఈ తేడాకు ఒక కారణం ఉంది. స్కూల్ అసిస్టెంట్ ఖాళీల్లో 70 శాతం ప్రమోషన్లతో నింపుతారు, 30 శాతమే నేరుగా డీఎస్సీకి వస్తాయి. అంటే హైస్కూల్‌కు వెళ్లే పెద్ద దారి ఎస్జీటీ మీదుగానే వెళ్తోంది.

ఆంధ్రప్రదేశ్‌లో లెక్క వేరు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులుంటే స్కూల్ అసిస్టెంట్లు 7,725, ఎస్జీటీలు 6,371. ఆ 7,725లో ఫిజికల్ ఎడ్యుకేషన్ పోస్టులూ ఉన్నాయి, నిజమే. అయినా బీఈడీ చేసినవాళ్లకు అక్కడ నిలబడేంత చోటుంది. దానికి తోడు టీజీటీలు (డిగ్రీ, బీఈడీతో వచ్చే పై తరగతుల టీచర్ పోస్టులు) 1,781. అందుకే ఏపీ పిల్లలకు నేను చెప్పే మాట వేరుగా ఉంటుంది, ముఖ్యంగా సబ్జెక్టు మీద గట్టి పట్టున్నవాళ్లకు. అక్కడ ఎడ్‌సెట్ కూడా వాళ్లకే అనుకూలం. 150 మార్కుల్లో 100 మీరు ఎంచుకున్న సబ్జెక్టువే. తెలంగాణ ఎడ్‌సెట్‌లో లెక్కలు, సైన్స్, సోషల్ అందరూ రాయాలి, ఒక్కోదానికి 20 మార్కులు. మిగిలినది టీచింగ్ ఆప్టిట్యూడ్, ఇంగ్లిష్, జీకే, కంప్యూటర్. బీఏ వాళ్లు ముందు పదో తరగతి లెక్కల పుస్తకం దుమ్ము దులపాలి.

బీఈడీ వైపు బలాలు తక్కువేం కాదు. జీతం చూడండి. తెలంగాణ 2020 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం ఎస్జీటీ మూలవేతనం 31,040తో మొదలైతే స్కూల్ అసిస్టెంట్‌ది 42,300తో మొదలవుతుంది. ఏపీలో అవే 32,670, 44,570. మొదటి నెల నుంచే పదకొండు, పన్నెండు వేల తేడా. అదొక్కటే కాదు. గురుకులాలు, కేంద్రీయ విద్యాలయాల టీజీటీ, పీజీ కూడా ఉంటే పీజీటీ, వీటన్నిటికీ బీఈడీ కావాలి. 2023లో తెలంగాణ గురుకుల బోర్డు టీజీటీలే 4,020 నోటిఫై చేసింది. ప్రైవేటు స్కూళ్లలో పై తరగతులకూ బీఈడీనే అడుగుతారు. ప్రభుత్వ ఉద్యోగం వచ్చేదాకా ఇల్లు గడవాలంటే ఇది చిన్న విషయం కాదు, నేను ఆ జీతం మీదే ఉన్నాను.

మరి మా చెల్లిని డీఈడీ వైపు ఎందుకు పంపాను? తనకు ఇరవై ఒకటి. తనదీ నా లాగే లైఫ్ సైన్సెస్, మాది తెలంగాణ. ఇంకో విషయం కూడా ఉంది. డీఈడీ రెగ్యులర్‌గా చేసినవాళ్లు తర్వాత బీఈడీని దూరవిద్యలో చేయొచ్చు. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో అలాంటి కోర్సు ఉంది. ఉత్త డిగ్రీతో దూరవిద్య బీఈడీలో చేరడం కుదరదు. అంటే డీఈడీ ముందు చేస్తే బీఈడీ దారి మూసుకుపోదు, ఉద్యోగం చేసుకుంటూనే పూర్తిచేయొచ్చు. బీఈడీ చేశాక ఎస్జీటీ కావాలనిపిస్తే మాత్రం మళ్లీ రెండేళ్లు కాలేజీకి వెళ్లి కూర్చోవాలి. ఇరవై ఒక్క ఏళ్ల పిల్లకు ఈ వరస మేలనిపించింది. ప్రమోషన్‌కు కూడా టెట్ తప్పదని 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, ఈ దారిలో వెళ్లేవాళ్లు బీఈడీ అవగానే టెట్‌లో పై తరగతులకు ఉండే పేపర్-2 కూడా రాసి పెట్టుకోవాలి.

ఇంటర్‌లో 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45 శాతం మార్కులు లేకపోతే డీఈఈసెట్‌కు అర్హత లేదు. డిగ్రీలో 80 వచ్చినా సరే. అప్లికేషన్ ఫీజు కట్టే ముందు ఇంటర్ మెమో తీసి చూసుకోండి.

ఇంకొకటి, దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఎస్జీటీ అంటే ఒకటో తరగతి పిల్లాడి చేయి పట్టుకుని 'అ' దిద్దించడం. ఏడుస్తూ వచ్చినవాణ్ని ఊరుకోబెట్టడం, చాలా బడుల్లో రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పడం. పరీక్షలో కూడా తెలుగు నుంచి సోషల్ దాకా అన్నీ రావాలి. మా చెల్లికి చిన్నపిల్లలంటే ప్రాణం, అది ముందునుంచీ తెలుసు. మీకు హైస్కూల్ పిల్లలతో వాదిస్తూ, ప్రయోగాలు చేయిస్తూ చెప్పడమే ఇష్టమైతే, చిన్న తరగతుల్లో ఓపిక నిలవదనుకుంటే, పోస్టులు ఎక్కువున్నాయని డీఈడీకి వెళ్లకండి. ముప్ఫై ఏళ్లు ఆ గదిలో ఉండాల్సింది మీరు, మీ ఎదురుగా ఉండేది మాట కూడా సరిగా రాని పిల్లలు. వాళ్లకు ఇష్టంగా వచ్చే మనిషి కావాలి.

మిగతావి క్లుప్తంగా. నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఈడీ ఇంటర్ అయినవాళ్లకు, డిగ్రీ చేసేసినవాళ్లకు కాదు. ఏడాది బీఈడీ గురించి 2025 ఫిబ్రవరిలో ఎన్‌సీటీఈ ముసాయిదా ఇచ్చింది. అందులోనూ అది నాలుగేళ్ల డిగ్రీ లేదా పీజీ ఉన్నవాళ్లకే. తెలుగు పండిత శిక్షణ భాష చదివినవాళ్లకు సరిపోతుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పే స్పెషల్ ఎడ్యుకేషన్ మాత్రం మనసుంటే తప్పకుండా చూడండి: 2024లో తెలంగాణ 796 ఎస్జీటీ, 220 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు దానికే ఇచ్చింది. ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తింపు ఉన్న కోర్సే అయ్యుండాలి.

రెండు ఎంట్రన్సులూ దగ్గర దగ్గరగానే పడతాయి. రెండూ రాయండి, కౌన్సెలింగ్ దాకా తేల్చుకోకపోయినా పర్వాలేదు. తేల్చాక, ఏ కోర్సైనా, వెబ్ ఆప్షన్లలో ప్రభుత్వ కాలేజీలను ముందు పెట్టండి: డీఈడీకి డైట్, బీఈడీకి ఐఏఎస్‌ఈ, సీటీఈ. "రాకపోయినా పర్లేదు, హాజరు మేం చూసుకుంటాం" అనే కాలేజీలో నేను చదివాను. బీఈడీలో ఇరవై వారాలు బడిలో గడపాలన్నది నియమం. నేను ఆ వారాల్లో సగం రికార్డులు రాస్తూ ఇంట్లోనే ఉన్నాను. ఆ తర్వాత మొదటిసారి నలభై మంది పిల్లల ముందు నిలబడినప్పుడు చాక్‌పీస్ ఎటు తిప్పాలో తెలియలేదు. మా చెల్లి డైట్‌లో చేరిన మొదటి ఏడాదే పక్క ఊరి ప్రాథమిక బడికి వెళ్లొచ్చి, రాత్రి కూర్చుని అట్టముక్కలతో అంకెల బోర్డు చేసుకుంటోంది.